ఆలస్యం అన్న మాట

పెన్సిలు చెక్కినప్పుడు వచ్చే చెక్క వాసనకు నాకు ఇప్పటికీ సుభద్ర దీదీ వసారా కళ్ళ ముందుకొస్తుంది. ఈ ఉదయం మనవరాలు కావ్య గుమ్మంలో కూర్చుని పెన్సిలు చెక్కుతుంటే, చేతిలో పని వదిలేసి కాసేపు అలాగే నిలబడిపోయాను. దీదీ పోయి ఏడాది దాటింది. డిగ్నాబాద్‌లో మా పక్కింట్లో ఉండేది. తాతల నాడే ఆంధ్రా నుంచి సముద్రం దాటి, హిందీ నడిచే ఈ ద్వీపాలకు వచ్చిన కుటుంబం. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. డెబ్బై ఏళ్ళ ఆమెను చిన్నా పెద్దా అందరూ దీదీ అనే పిలిచేవాళ్ళు. నేను శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి వచ్చి, చేపలమ్ముకుంటూ బతికినదాన్ని. యాభై దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు.

కావ్యకు ఎనిమిదో ఏట కరోనా వచ్చింది. నాలుగు రోజుల జ్వరం, కొంచెం దగ్గు, అంతే. తగ్గిపోయిందనుకున్నాం. నెల తిరిగేసరికి పిల్ల మారిపోయింది. నిలబడితే గుండె దడదడలాడుతోందనేది. వచ్చిన ఎక్కాలు మరిచిపోయేది. ఒకరోజు బాగానే ఆడుకునేది, మర్నాడు మంచం దిగేది కాదు. ఆ తేడా చూసే నాకు కోపం వచ్చేది. "నిన్న గెంతినదానివి, ఇయ్యాల ఏటొచ్చిందే? దొంగేసాలెయ్యకు" అని ఒక పొద్దున చెయ్యి పట్టి లాగాను. పిల్ల ఏడవలేదు. గోడ పట్టుకుని నిలబడి, "నిజంగానే నాన్నమ్మా" అంది.

కొడుకు చేపల వేటకు పోయేవాడు, కోడలు బతు బస్తీలో దుకాణంలో పనికి పోయేది. కాబట్టి ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. పరీక్షల్లో ఏమీ తేలలేదు. డాక్టరు హిందీలో నన్ను నాలుగు ప్రశ్నలడిగి, రోజూ బడికి పంపండి, బాగా ఆడించండి, అదే పోతుంది అన్నాడు. అలాగే చేశాం. పిల్ల ఇంకా నీరుగారిపోయింది.

దీదీ నన్ను పిలిచి అడిగింది. "డాక్టర్ సాబ్‌కి ఏం చెప్పావు నూకమ్మా?"

"ఉన్నమాటే సెప్పాను దీదీ. ఇస్‌కో హర్ కామ్ మే ఆలస్య్ హోతా హై అన్నాను."

"ఆలస్యమంటే?"

"ఆలస్యమంటే ఆలస్యమే. తానానికీ తిండికీ అన్నిటికీ లేటవుతాంది కదా."

దీదీ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మన ఆలస్యం లేటు. హిందీలో ఆలస్య్ అంటే బద్ధకం. నీ మనవరాలు సోమరిపోతని నువ్వే చెప్పి వచ్చావు."

అన్నేళ్ళుగా ఆ హిందీతోనే చేపలమ్మాను. ఒక్క మాట ఇలా పిల్ల మీద పడుతుందని తెలియలేదు.

"చేప మొప్ప ఎత్తి చూసి ఎప్పుడు పట్టినదో చెప్తావు. పిల్ల ఏ రోజు మంచాన పడిందో చెప్పలేవా?" అంది దీదీ.

"అన్ని రోజులు ఎలా గుర్తుంటాయి?"

"ఉండవు. అందుకే రాసుకోవాలి. కల్ సే, రేపట్నుంచే, మధ్యాహ్నం వచ్చి ఈ వసారాలో కూర్చో."

అలా మొదలైంది నా చదువు. నేను దిద్దిన 'క' చూసి, పీత నడిచినట్టుందని నవ్వేది. "పీతే నయం దీదీ, ఏదో పక్కకి ఎల్తాది. నా సెయ్యి ఎటూ ఎల్లట్లేదు" అనేదాన్ని. నవ్వినా వదిలేది కాదు. మాటలు రాయడం వచ్చాక, కావ్య సంగతి రోజూ నోటుపుస్తకంలో రాసేదాన్ని. ఒకరోజు 'నీరసం' అని రాసి చూపించాను. కొట్టేసింది. "ఇది నువ్వు పెట్టిన పేరు. పిల్ల ఏం చేసిందో రాయి." ఆలోచించి రాశాను: జడ వేసుకుంటూ మధ్యలో చెయ్యి దించేసింది. దీదీ తలూపింది.

బడివాళ్ళు పిల్లల్ని సిప్పీఘాట్ తోటలు చూపించడానికి తీసుకెళ్ళారు. కావ్య నవ్వుతూ ఇంటికొచ్చింది. మర్నాటి నుంచి మూడు రోజులు తల ఎత్తలేదు. అది రాసుకున్నాక, ఎందుకో పాత పేజీలన్నీ వేలు పెట్టి చదివాను. మంచం పట్టిన ప్రతి రోజుకీ ముందు రోజు పరుగో, మెట్లెక్కడమో ఉంది. "దీదీ, అలిసిన రోజు కాదు, ఆ మర్నాడు మంచాన పడతాంది" అన్నాను. ఆమె పుస్తకం తీసుకుని చాలాసేపు చూసింది. "ఇది నాకు తట్టలేదు. నువ్వు చూశావు" అంది.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. దీదీ పక్కన కూర్చుంది కాని మాట్లాడలేదు. నేనే ఒక్కో వాక్యం చదివి హిందీలో చెప్పాను. డాక్టరు పెన్ను కింద పెట్టి విన్నాడు. కరోనా తగ్గాక కొందరు పిల్లలకు ఇలా ఉండిపోతుందనీ, అలసట రాకముందే ఆపాలనీ, బడికి ఒంటిపూట చాలనీ అన్నాడు. ఎప్పటికి తగ్గుతుందో మాత్రం చెప్పలేనన్నాడు. బయటికొచ్చాక కావ్య అడిగింది: "నావి దొంగేసాలు కావని ఆయన చెప్పాడా?" చెప్పాడన్నాను. ఆ మాట ముందు నేను చెప్పి ఉండాల్సింది.

కావ్య ఇప్పుడు చాలావరకు కోలుకుంది, పూర్తిగా కాదు. ఈ ఏడు కొత్త బడిలో వేశాం. అక్కడి టీచరమ్మ తెలుగావిడ. పిల్ల గురించి ఏమైనా ఉంటే రాసి పంపమంది. బద్ధకం కాదు అని రాయబోయి ఆగాను. 'మేడ మెట్లు ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగుతుంది. ఆగనివ్వండి' అని రాశాను. కావ్య నా భుజం మీదుగా చదివి, "మూడుసార్లు నాన్నమ్మా" అంది.

రెండు కొట్టేసి మూడు అని రాశాను.