బాలవ్వ పగలగొట్టనన్న పొయ్యిలు

మా నాయనమ్మ బాలవ్వ దేనికీ జంకే మనిషి కాదు. సూరత్‌లో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడును మించి అరిచి, తాతకు టిఫిన్ డబ్బా అందించిన గొంతు ఆమెది. అలాంటి మనిషి, పొయ్యి పగలగొట్టే మాటెత్తితే మాత్రం చెవులు మూసుకునేది.

ఆ సూరత్‌లోనే, వడోద్‌లో మా ఇంట్లో కింద మేముంటాం. పైన నాలుగు కిరాయి గదులు. ఎవరు కొత్తగా దిగినా పొయ్యి పెట్టే గద్దెకు పసుపు రాసి, మొదటి పాలు అవ్వే పొంగించేది. "పాలు పొంగిన గద్దె మీద సుత్తె పెడితే ఆ ఇంటోళ్ల నోటికాడి బువ్వ గుంజినట్టే" అనేది.

సాంచాలు మూతబడుతున్నాయి. కిరాయిలు సరిగ్గా రావడం లేదు. మనం ఉండే ఇంటికంటే కిరాయికిచ్చిన గదికి వేరా, అంటే ఇంటిపన్ను, ఎక్కువ. బకాయి పెరిగింది. పైగదులన్నీ కలిపి మనమే ఉంటే పన్ను తగ్గుతుందనీ, లేకపోతే ఇల్లు అమ్మాల్సిందేననీ మా నాన్న శ్యాంసుందర్ తేల్చాడు.

మిగతావాళ్లకు నాన్న చెప్పాడు. భాగీరథికి మాత్రం అవ్వే చెప్పాలి. ఆమె సాంచాలకు నూలు కండెలు చుట్టి బతికే మనిషి. నేను పుట్టకముందు నుంచీ మా పైగదిలోనే ఉంది. పొద్దున్నే దిగివచ్చి అవ్వ చేసిన ఛాయ్ తాగి, దానికి వంక పెడితే తప్ప ఇద్దరికీ తెల్లారదు.

"భాగీరథీ, జర వేరే ఖోలీ చూసుకో. వేరా కట్టలేక సస్తున్నం."

"చూసుకుంట గని అక్కా, నీ ఛాయ్ కడుగునీళ్ల లెక్కుందని రోజూ చెప్పేదెవరు?"

"మంచిగ చేసుకుంట తియ్, పో."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అందరూ ఖాళీ చేశాక పైగదుల మధ్య గోడలు కూలాయి. మేస్త్రీ గద్దెల దగ్గరికి రాగానే అవ్వ అడ్డం కూర్చుంది.

"నాలుగు పొయ్యిలెందుకవ్వా? ఒకదాని మీద అన్నం, ఒకదాని మీద పప్పు, మూడోదాని మీద నీ కోపం. నాలుగోది ఖాళీ" అన్నాను.

"దాని మీద నిన్ను కూసోబెడత. తొమ్మిదో క్లాసు దాటలేదు గని నోరు మాత్రం కాలేజీకి పోయింది!"

పన్ను ఆఫీసు నుంచి మనిషి చూడటానికి వచ్చాడు. పొడుగాటి హాలు, అందులో పసుపు రాసిన నాలుగు గద్దెలు. ఇవెవరివని హిందీలో అడిగాడు. నాన్న నోరు తెరిచేలోపే అవ్వ పెళ్లికొచ్చిన చుట్టాలను చూపించినట్టు వేలు చాపి, ఖాళీ చేసి పోయినవాళ్ల పేర్లు చెప్పింది.

"యే భాగీరథీ కా. వో మొండయ్య కా. ఉధర్ పరుశురాం కా..."

నాలుగు వంటగదులున్నాయి కాబట్టి నాలుగు కిరాయి ఇళ్లేనని రాసుకున్నాడు. గద్దెలు తీసేశాక మళ్లీ చెప్పమని వెళ్లిపోయాడు.

"అమ్మా, ఎవ్వరు లేరని చెప్పొద్దా?" నాన్న తల పట్టుకున్నాడు.

"మనుషులు పోతే పొయ్యి మనదైతదారా?"

నాన్న ఇల్లు కొనే బేరగాళ్లను పిలవడం మొదలుపెట్టాడు. అప్పుడు అవ్వ నన్ను వెంటేసుకుని భాగీరథి కొత్త ఖోలీకి వెళ్లింది. గద్దె పగలగొట్టడానికి ఆమె ఒప్పుకోవాలట. అక్కడ గద్దెకు అప్పటికే పసుపు ఉంది. అవ్వ దాన్నే చూస్తూ నిలబడింది.

"పాలెప్పుడు పొంగిచ్చినవే? నన్ను పిలవకపోతివి."

"ఖాళీ చెయ్యమన్నోళ్లను ఏమని పిలుస్త అక్కా?" భాగీరథి కండె చుడుతూనే ఉంది. "నీ ఇంట్ల గద్దె నీది. పగలగొట్టుకో."

ఛాయ్ తాగమని కూడా అనలేదు.

ఇంటికి రాగానే అవ్వ మేస్త్రీని పిలవకుండా సుత్తె తనే తీసుకుంది. భాగీరథి గద్దెతోనే మొదలుపెట్టింది. నేను ముక్కలు ఏరి తట్టలో వేశాను.

ఈసారి వేరా తగ్గింది. ఇల్లు మిగిలింది. ఆ హాల్లోకి మాత్రం ఎవరం పోం. మాట్లాడితే మాటే తిరిగొస్తుంది.

ఇప్పుడు పొద్దున్నే అవ్వ నా ముందు ఛాయ్ పెడుతుంది.

"ఎట్లుందే?"

"మంచిగుందవ్వా."

"మంచిగుందట!" అని నా చేతిలోంచి కప్పు లాక్కుంటుంది. "నీకేం తెలుసు, పో."