పెన్సిలుతో రాసిన ఇల్లు

పెన్ను ముట్టని బ్యాంకు ఆఫీసరంటూ లోకంలో ఉంటే ఆయనొక్కడే. ఇంటి లోన్ల బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళ దరఖాస్తు తనే పెన్సిలుతో నింపుతాడు. చివరి గడి దాకా వచ్చాక కళ్ళజోడు పైకి తోసి, "ఇప్పుడు కుదరదమ్మా" అంటాడు. అని ఊరుకుంటాడా, రబ్బరు తీసి మొదటి గడి నుంచీ శుభ్రంగా చెరిపి, పొట్టు ఉఫ్‌మని ఊది, ఆ కాగితం మళ్ళీ సొరుగులో పెట్టేసుకుంటాడు. జేబులో పెన్ను ఉంది, అలంకారానికి. అందరూ ఆయన్ని పెన్సిలాయన అనేవారు, కాస్త దూరంగా వెళ్ళాక.

ఆ రబ్బరు పొట్టు అందరికన్నా ఎక్కువగా మీద పడింది మన టైలరమ్మకే. అద్దెకున్న రెండు గదుల్లో, కిటికీ పక్కన మిషను వేసుకుని బట్టలు కుట్టుకునే మనిషి. ఇంటాయన ఇల్లు అమ్మేస్తానన్నాడు. ఏళ్ళ తరబడి ఉంటున్నారు కాబట్టి ముందు మీకే, పది నెలలు ఆగుతాను, ఆ తర్వాత ఎవరు డబ్బిస్తే వాళ్ళదే అన్నాడు. లోను రాకపోతే మిషనూ, మంచం పట్టిన అత్తగారూ వీధిలో ఉంటారు.

రాకుండా చేసిన మహానుభావుడు సొంత తమ్ముడే. అక్క పేరు మీద బండి కొని, నాలుగు వాయిదాలు కట్టి, తక్కినవి గాలికొదిలేశాడు. ఆవిడకి తెలిసేసరికి పేరు కాస్తా చెడింది. రెండు పెద్ద బ్యాంకులు కాదన్నాయి. విచిత్రమేమిటంటే, కాదన్న ప్రతిసారీ, అప్పు తీర్చే తీరు చూసి వేసే ఆవిడ సిబిల్ స్కోరు ఇంకాస్త దిగింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

చివరికి పెన్సిలాయన దగ్గరికి వచ్చింది. సంతకానికని కొత్త పెన్ను కూడా కొనుక్కుంది పాపం. ఫొటోలో చెవులు కనపడటం లేదని మొదటి నెల చెరిపాడు. చెవులు చూపిస్తే, బండి బాకీ తీర్చుకురమ్మన్నాడు. రెండు నెలలు చేతులు కాయలు కాసేలా కుట్టి తీరిస్తే, కరెంటు బిల్లు మీద మరకుందన్నాడు. ప్రతి ఒకటో తారీఖునా కొత్త స్కోరు కాగితంతో ఆవిడ రావాల్సిందే, అది చూసి ఆయన మూలిగి చెరపాల్సిందే.

ఇంటికొస్తే అత్తగారు మంచం మీంచి అడిగేది, ఏమన్నాడే అని. చెరిపాడత్తయ్యా అనేది ఈవిడ. ఆ రబ్బరు అరిగి చావదేమే అని అత్తగారు ఉసూరుమనేది. అరిగింది కూడా. ఆరో నెలలో ఆయన కొత్తది కొన్నాడు.

పదో నెల మొదట్లో ఇల్లు కొనేవాడొకడు గదులు కొలవడానికి వచ్చాడు. టేపు మర్చిపోయాడట, ఆవిడ మెడలో ఉన్నదే అడిగి పుచ్చుకున్నాడు. ఖర్మ చూడండి, రెండో కొస ఆవిడే పట్టుకోవాల్సి వచ్చింది. వాడు వెళ్ళాక మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఇక అయిపోయిందనుకుంది.

అయినా కళ్ళు తుడుచుకుని, స్కోరు కాగితం పట్టుకుని బ్యాంకుకెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుంది.

"కొనేవాడు టేపు పట్టి ఇల్లు కొలిచి వెళ్ళాడు సార్. ఇవాళ పెన్నుతో రాయండి. ఇవ్వకపోతే ఇవ్వనని పెన్నుతోనే రాసివ్వండి. నేను చూసుకుంటాను."

ఆయన చెవి మీది పెన్సిలు తడుముకున్నాడు.

"పెన్నుతో రాస్తే కంప్యూటర్లో ఎక్కించాలమ్మా. ఎక్కిస్తే అది కాదనేది. లోను అడిగిన సంగతి మీ పేరు మీద పడి, స్కోరు ఇంకా దిగేది. అప్పటికే రెండు చోట్ల దింపుకుని వచ్చారు. ఆ మాట మొదటిరోజే చెబితే మీరు ఇంకో బ్యాంకుకి పరిగెత్తరూ? అందుకే మీ చెవుల మీద పడ్డాను."

సొరుగులోంచి ఆ పాత కాగితం తీశాడు. చెరిపి చెరిపి పల్చబడిపోయింది. వెనకవైపు మాత్రం నెలనెలా ఆవిడ స్కోరు వేసి ఉంది, ఆ అంకెలు ఒక్కటీ చెరపలేదు. ఆవిడ తెచ్చిన కొత్త అంకె కింద వేసి గీత గీశాడు.

"ఈ నెలకి సరిపోయింది. ఇంటాయనకి నేనే ఫోన్ చేస్తాను, ఆ కొనేవాణ్ణి టేపు చుట్టెయ్యమనండి."

అంటూ కొత్త దరఖాస్తు తీసి, జేబులోంచి పెన్ను లాగాడు. అది రాయలేదు. విదిలించాడు, ఊదాడు, అరచేతి మీద గీశాడు. సిరా ఎండిపోయి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియదు. తల గోక్కుని ఆవిడ వంక చూశాడు.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఏమన్నాడే?"

"పెన్నడిగాడత్తయ్యా."