తెర మీద వల, పక్క సీట్ల బాపు

చేపలు పట్టే సినిమా ఏదొచ్చినా మా బాపు నన్ను తోల్కపోకుంట ఉండకపోతుండె. సముద్రంల తప్పిపోయిన అన్నదమ్ముల సినిమా, చెరువు కాడ తగువుల సినిమా, హీరో పడవ మీద నిలవడి పాట పాడే సినిమా, అన్ని ఆయన పక్కన కూసొనే చూసిన. నీకిష్టమైన సినిమాలేందని ఎవరన్న అడిగితే ఇయ్యాల్టికీ గవే చెప్త. కథలు సగం యాదికి లేవు. బాపు చెప్పిందే యాదికున్నది.

బాపు నాంపల్లి స్టేషన్ ఎదురుంగ ఒక లాడ్జిల వాచ్‌మన్. పట్నం రాకముందు చెరువుల చేపలు పట్టినోడు. లాడ్జిల దోమతెరలు చినిగితె వల బాగుచేసినట్టే ముడులేసి కుట్టేటోడు. ఆదివారం అబిడ్స్‌ల ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసుకుంట పోయి మ్యాట్నీకి కూసునేటోళ్లం.

ఇగ తెర మీద వల కనవడ్డదంటే అయిపాయె! "ఏందిరా గది? దుప్పటి దులిపినట్టు ఏస్తున్నవ్? అంచు పండ్లల్ల పట్టుకో! నడుం తిప్పు!" అని హీరోనే తిట్టేటోడు. ఇసురు వల ఒక అంచు పండ్ల నడుమ పట్టుకోవాలె, మిగతాది మోచేతి మీద ఏసుకోవాలె, ఇసిరెటప్పుడు సరిగ్గ నోరు తెర్వాలె. లేటయితె పన్ను ఇరుగుతది. బాపుకు ముందు పన్ను సగమే ఉండె, గట్లనే పోయిందది. ముందు సీటోళ్లు ఎన్కకు తిరిగి చూస్తె చిన్నప్పుడు నాకు మస్తు గర్వమయితుండె.

డిగ్రీల చేరినంక గర్వం పోయింది, సిగ్గొచ్చింది. ఒక ఆదివారం నా దోస్తులు గూడ మాతోని వచ్చిన్రు. తెర మీద హీరో వల ఇసిరిండు. బాపు సీట్లకెల్లి లేచి నిలవడి, ఉత్త చేతులతోని ఇసిరి చూపెట్టిండు. "గిట్ల! గిట్ల ఏయాలె!" హాలంత నవ్విన్రు. ఎవడో ఈల ఏసిండు. నా దోస్తులు గూడ నవ్విన్రు. నాకు ఒళ్లు మండింది.

"కూసో బాపు! నోరు మూసుకో. ఇజ్జత్ తీస్తున్నవ్" అన్న.

బాపు కూసున్నడు. ఇంటర్వెల్‌ల అందరికీ సమోసాలు తెచ్చిండు, నా దోస్తులను "తినున్రి బిడ్డా" అన్నడు. ఎప్పుడూ అబిడ్స్ నుంచి నాంపల్లి దాక నడుచుకుంట సినిమా ముచ్చటే పెట్టేటోడు. ఆ దినం ఎండ గురించి మాట్లాడిండు. మళ్ల సినిమా హాల్ల ఆయన గొంతు నేను ఇనలేదు. మాఫీ అడిగేదుండె. రేపు, ఎల్లుండి అనుకుంటనే ఇరవై ఏండ్లు పోగొట్టిన. ఏం మనిషిని నేను!

పోయిన నెల మళ్ల ఒక చేపల సినిమా వచ్చిందంటే, ఈసారి నేనే తోల్కపోయిన. బాపుకు మోకాళ్లు సతాయిస్తున్నయి, మెట్లు ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకున్నడు. సినిమా నేనేడ చూసిన, ఆయన మొకమే చూసుకుంట కూసున్న. ఆఖరికి వచ్చింది సీను. హీరో వలను ఉండ చుట్టి నీళ్లల్ల పారేసిండు. తప్పని నాకే తెలుస్తున్నది. బాపు పెదవులు కదిలినయి. కుడి చెయ్యి మోకాలు మీద జర తిరిగింది. నాకు పానం లేచొచ్చింది.

"బాపు, గట్ల ఏస్తరా వల? చెప్పు!" అన్న, గట్టిగనే. పక్కోళ్లు మా దిక్కు తిరిగిన్రు.

బాపు వాళ్ల దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. చెయ్యి ఒళ్లె పెట్టుకున్నడు.

"మంచిగనే ఏసిండు బిడ్డా" అన్నడు, నాకొక్కదానికే ఇనవడేటట్టు.