కారు ఆయిల్ పోసిన బండి

మా నాయిన తాండూరులో నాపరాళ్ళు కోసే మిషన్ మీద ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల దాకా తెల్లటి దుమ్ము. ఆ దుమ్ము తన మోటార్‌సైకిల్ ఇంజిన్‌లోకి పోతుందని ఆయనకు ఒకటే బెంగ. ప్రతి ఆదివారం ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపేవాడు. మెకానిక్ చెప్పిన గడువుకు ముందే ఇంజిన్ ఆయిల్ మార్చేవాడు. పాత ఆయిల్‌ని రెండు వేళ్ళ మధ్య రాసి చూసి, గరుకు తగిలితే "ఎంత దుమ్ము తిన్నదో సూడు" అని బాధపడేవాడు. తన ముక్కుకు మాత్రం ఒక్కనాడూ గుడ్డ కట్టుకోలేదు. కట్టుకొమ్మని మేమూ గట్టిగా చెప్పలేదు. ఊపిరితిత్తులు పాడయ్యాయని తెలిసేనాటికి నాలుగడుగులు వేస్తే ఆయాసం.

అప్పటికి నేను ఒక కందిపప్పు వ్యాపారి దగ్గర కారు డ్రైవర్‌ని. సేటు కారు సర్వీసింగ్‌లో మిగిలిన ఆయిల్ ఆయన్నడిగి ఇంటికి తెచ్చాను. నాయినను వికారాబాద్ డాక్టరుకు చూపించాలి, అంత దూరం పోయే బండిలో ఖరీదైన ఆయిల్ ఉండాలని నా ఆలోచన. బండ్ల సంగతి నాకే తెలుసన్న పొగరు కూడా ఉండేది.

"గది కార్ల పోసేది గద కొడుకా? ఎప్పుడు పోసేదే పొయ్యరాదు?" అన్నాడు నాయిన, మంచం మీద నుంచి.

"నీకేం ఎర్క నాయినా! గిది మస్తు మంచిది. జర సప్పుడు చెయ్యకుండు" అని కసిరి, పాతది తీసేసి కారు ఆయిలే పోశాను.

బస్సులో నిలబడలేడని మర్నాడు పొద్దున బండి మీదే బయలుదేరాం. ధారూరు దాటేదాకా బాగానే ఉంది. అనంతగిరి ఘాట్ మొదలయ్యాక ఇంజిన్ గొంతు చించుకుంటోంది గానీ చక్రం లాగడం లేదు. గేరు తగ్గించినా అంతే. నాయిన భుజం పట్టుకుని మెల్లగా దిగాడు.

"ఇద్దర్ని గుంజుతలేదు. నువ్వు పైకి పో, నేను మెల్లగ నడుసుకుంట వస్త."

నేను పోయాను. మలుపు దాటాక ఆగి, బండిని తిట్టుకుంటూ నిలబడ్డాను. చాలాసేపటికి ఆయన రోడ్డు పక్క గోడ పట్టుకుంటూ వచ్చాడు. పెదవులు నల్లబడ్డాయి. నోట మాట రావడానికే ఎంతో సేపు పట్టింది.

"ఇంజిన్ ఖరాబ్ కాలే గద?" అన్నాడు.

అక్కడి నుంచి ఎక్కు లేదు కాబట్టి ఆయన్ను మళ్ళీ వెనక ఎక్కించుకున్నాను.

వికారాబాద్ మెకానిక్ విని తల కొట్టుకున్నాడు. "బైక్‌ల క్లచ్ ఆయిల్‌లనే మునిగి ఉంటదన్నా. కార్లది పోస్తే ప్లేట్లు జారుతయి." ఉన్నదంతా తీసేసి సరైన ఆయిల్ పోశాడు. వారం తర్వాత మళ్ళీ ఒకసారి మార్చమంటే మార్చాను. బండి బాగైంది.

నాయిన ఆ వానాకాలం దాటలేదు. జబ్బు అప్పటికే ముదిరిందని డాక్టరు చెప్పాడు. ఆ నడక వల్ల కాదని ఇంట్లో అందరూ అంటారు, నిజమే కావచ్చు. కానీ ఆ ఘాట్‌లో మా పక్క నుంచి ఆటోలు పోయాయి, బస్సూ పోయింది. బండిని రోడ్డు పక్కన వదిలి రావడం ఇష్టం లేక నేను దేనికీ చెయ్యెత్తలేదు. ఆయనా ఆపమని అడగలేదు.