ఇంజిను ముక్కుకి పసుపు బొట్టు

చిటికెడు పసుపుతో ఒక కారుని కొండదారిలో కూలబడేలా చేసి, ఒక పెద్దావిడ ఏడాది కష్టాన్ని గంగలో కలపబోయిన ఘనుణ్ణి నేను. అంతకన్నా ఘనమైన సంగతేమిటంటే, అప్పట్లో నేను హుకుంపేట హైస్కూల్లో పిల్లలకి సైన్సు చెప్పేవాణ్ణి. నవ్వండి, పరవాలేదు. ఆ పిల్లలు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మాది కొత్తవలస. ఉద్యోగం రాగానే కొండెక్కి, బుద్రమ్మ గారింట్లో ఒక గది అద్దెకి తీసుకున్నాను. ఆవిడకి అరవై దాటాయి. ఇంటి వెనక సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు, కింద పల్లంలో పసుపు మడి. పొద్దున్నే పొగమంచు కిటికీలోంచి గదిలోకి వచ్చి, నా మంచం మీద కాసేపు కూర్చుని వెళ్ళేది. దాన్ని చూస్తూ కూర్చుంటే స్కూలు గంట కూడా ఎక్కడో వేరే ఊళ్ళో మోగినట్టుండేది. అలా కలల్లో తేలుతున్న ఒక పొద్దుటిపూట నాకు టర్బో బుద్ధి పుట్టింది.

నా కారు పాతది, పెట్రోలుది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు అది మూలిగే మూలుగు వింటే ఎవరికైనా దిగి తోద్దామనిపించేది. విశాఖలో మెకానిక్ అప్పలరాజు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి తేల్చేశాడు.

"టర్బో ఏసేద్దాం సార్. ఇంజిన్లోకి గాలిని గట్టిగా తోస్తాది. గాలెక్కువైతే పెట్రోలు బాగా మండుతాది. ఇంక మీ బండి నడవదు సార్, ఎగురుతాది."

నిజంగానే ఎగిరింది. ఆ సాయంత్రం ఘాట్ రోడ్డు మీద టైడా ఊరు దాటాక ప్రతి మలుపులోనూ మబ్బులు రోడ్డుకి కిందనే ఉన్నాయి. ఇంజిను సన్నగా ఈల వేస్తోంది. కారుకి చక్రాలున్నాయన్న సంగతే మరిచిపోయాను. జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ లేను. ఇంటికి చేరగానే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"అదేటో నాకు తెల్దు గానీ, కొత్త వస్తువుకి పసుపెట్టకండా తిప్పీకు నాన్నా," అంది అమ్మ.

అమ్మ మాట కాదనలేను. బానెట్ ఎత్తి టర్బోకే బొట్టు పెట్టాను. అది నిప్పులా కాలుతుంది కదా, మర్నాటికి బొట్టు మాడి రాలిపోయింది. బొట్టు మాడడం అశుభమనిపించింది. అప్పుడు నాలోని శాస్త్రవేత్త మేల్కొన్నాడు. వేడి తగలని చోటు వెతికాడు. గాలి లోపలికి వెళ్ళే గొట్టంలో, ఎంత గాలి వెళ్తోందో కొలిచే సెన్సార్ ఒకటుంటుంది. రెండు స్క్రూలు విప్పితే చేతిలోకి వస్తుంది. దాని కొసన, సన్నని తీగ మీద, బుద్రమ్మ మడిలో పండిన పసుపుని తడిపి, ముచ్చటగా ఒక బొట్టు పెట్టి మళ్ళీ బిగించాను. ప్రతి శుక్రవారం క్రమం తప్పకుండా పెట్టాను.

మీకు ఇప్పటికే అర్థమైపోయింది కదా? నాకు రెండు నెలలు పట్టింది.

మొదటి శుక్రవారం దాటగానే డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. అది కూడా పసుపుపచ్చగానే ఉంది. ముందు శుభసూచకం అనుకున్నాను. తర్వాత బండి ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టింది. అప్పలరాజుకి ఫోన్ చేశాను. "పైపుల క్లిప్పులు బిగించండి సార్" అన్నాడు, బిగించాను. "ఫిల్టర్ మార్చండి" అన్నాడు, మార్చాను. ఆఖరికి కారే కొండ దిగింది. అతను సెన్సార్ విప్పి వెలుగులో పెట్టి చూశాడు.

"ఏటి సార్, దీని మూతి పచ్చగుంది?"

ఇక్కడే, మిత్రులారా, నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ అది నూనెగింజల వలిసె చేలు పూసే కాలం. హుకుంపేట నుంచి అరకు దాకా చేలన్నీ పసుపుపచ్చటి దుప్పటి కప్పుకుని ఉన్నాయి. నేను గొంతు సవరించుకున్నాను.

"అది పుప్పొడి, అప్పలరాజూ. మా కొండల్లో ఎటు చూసినా వలిసె పూలే. పుప్పొడి గాల్లో తేలుతుంది. టర్బో మామూలుకన్నా ఎక్కువ గాలి పీలుస్తుంది కాబట్టి..." అంటూ పరాగసంపర్కం పాఠం మొత్తం చెప్పేశాను.

"అబ్బ! సదువంటే సదువే సార్," అని అతను చేతులు జోడించాడు. సెన్సార్ కడిగి బిగించాడు. లైటు ఆరింది. కారుకి తగిలిస్తే ఫోన్లో లోపం చూపించి చెరిపేసే చిన్న పరికరం కూడా ఇచ్చాడు. నేను పరమానందంగా ఇంటికొచ్చి, ఆ ఆనందంలో సెన్సార్‌కి ఇంకాస్త పెద్ద బొట్టు పెట్టాను. మర్నాడు లైటు వెలిగింది.

వలిసె కోతలైపోయాయి. లోయలో పసుపు రంగు మచ్చుకైనా లేదు. నా డాష్‌బోర్డు మీద మాత్రం పూస్తూనే ఉంది. అప్పుడు నాకు అసలు కారణం తట్టింది: దిష్టి! అప్పట్నుంచి మంగళవారం కూడా బొట్టు పెట్టడం మొదలుపెట్టాను.

ఇంతలో బుద్రమ్మ జీవితంలో పెద్ద రోజు వచ్చింది. ఆవిడ కాఫీ గింజల్ని రుచి చూస్తాం, తెమ్మని అరకులో కాఫీ కొనేవాళ్ళు పిలిచారు. ఇన్నేళ్ళూ ఆవిడ గింజలు అందరి గింజల్తో కలిసిపోయి వెళ్ళేవి. ఇప్పుడు రుచి నెగ్గితే ఆవిడ గింజలకి వేరే మూట, మూట మీద ఆవిడ పేరు. పదకొండు లోపల గింజలు అందాలి, లేకపోతే మళ్ళీ ఏడాదే.

"నాకు సదవడం రాదు గానీ మాస్టారూ, మూట మీద నా పేరు ఎలగుంటాదో సూడాలనుంది," అంది ఆవిడ. 

"నా కారుండగా బస్సెందుకు బుద్రమ్మా?" అన్నాను. ఆవిడ నన్ను నమ్మి బస్సు వదిలేసింది. తెల్లవారుతూనే నేను సెన్సార్‌కి ఒక బొట్టు, ఆవిడ కాఫీ మూటకి ఒక బొట్టు పెట్టి, తడి ఆరిందో లేదో చూడకుండా బయల్దేరదీశాను.

సగం దూరం వెళ్ళేసరికి పొగమంచు కమ్మేసింది. చెట్లు ఉన్నట్టే ఉండి లేకుండా పోతున్నాయి. లైటు వెలిగింది. ఎత్తులో కారు నిద్రలో నడుస్తున్నట్టు నడిచింది. మేకల మంద ఒకటి వెనకనుంచి వచ్చి, మమ్మల్ని దాటుకుని, మంచులోకి వెళ్ళిపోయింది. కాసేపు చూసి బుద్రమ్మ దిగి, మూట నెత్తిన పెట్టుకుని, కారు పక్కనే నడవడం మొదలుపెట్టింది. కిటికీలోంచి మాట్లాడుకుంటూ వెళ్ళాం. ఇప్పుడు తలుచుకుంటే అందమైన కలలా ఉంది. అప్పుడు మాత్రం నాకు చెమటలు పడుతున్నాయి.

"ఆ దీపం ఏటి సెప్తంది మాస్టారూ?"

"ఇంజిన్లోకి ఎంత గాలి వెళ్తోందో తెలియడం లేదంటోంది."

"గాలిని ఎవులు కొలుత్తారు?"

"సెన్సార్ అని ఒకటుంది. ఇంజినుకి ముక్కు అనుకోండి."

ఆవిడ నాలుగడుగులు ఆలోచిస్తూ నడిచింది.

"మీరు సుక్కురారం సుక్కురారం బొట్టెడతారు, అదేనేటి?"

"అదే."

"ముక్కులో పసుపెడితే ఊపిరెలగాడుద్ది మాస్టారూ?"

కారు ఆపేశాను. పొగమంచు నాకు అంత చక్కగా ఎప్పుడూ ఉపయోగపడలేదు. నా మొహం ఆవిడకి కనిపించలేదు. రెండు నెలలు, ఒక ఫిల్టరు, ఒక పరాగసంపర్కం పాఠం, అన్నీ కళ్ళముందు తిరిగాయి.

"మరి ఇన్నాళ్ళూ చూస్తూ ఒక్క మాట చెప్పలేదేం?"

"మీ కిందోల్ల ఆచారం అనుకున్నాను. మా కొండకి మేం కోడిని బలిత్తే మీరేటైనా అన్నారా? ఒకల దేవుడికెట్టిన బొట్టు తప్పని ఎలగ సెప్తాం?"

ఆ మర్యాద ముందు నా డిగ్రీలన్నీ దిగదుడుపే అనిపించింది. బానెట్ ఎత్తి, ఫస్టెయిడ్ పెట్టెలోని స్పిరిట్‌తో సెన్సార్ కడిగి, ఆరాక బిగించాను. పరికరం తగిలించి లోపం చెరిపేశాను. లైటు ఆరింది. పట్టరాని సంతోషంతో నా చెయ్యి దానంతటదే పసుపు పొట్లం వైపు వెళ్ళింది. బుద్రమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"మాస్టారూ!"

కారు ఎగిరింది. పదకొండుకి అయిదు నిమిషాలుండగా అరకులో దిగాం. రుచి చూసే ఆయన మూట విప్పి, గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు.

"అమ్మా, గింజలకి పసుపు వాసన పట్టిందే. ఇది పనికిరాదు."

ఆ బొట్టు నాదేనని చెప్పబోయాను. బుద్రమ్మ మాత్రం నింపాదిగా నడుముకి కట్టుకున్న ఇంకో చిన్న సంచి విప్పి బల్ల మీద పెట్టింది.

"మాస్టారు మూటకి బొట్టెడతంటే సూసాను. అందుకే ఇంకోటి కట్టుకొచ్చాను."

"అంటే పసుపు పడితే చెడిపోతుందని మీకు తెలుసు! మరి కారుకి..."

"కాఫీ నాది మాస్టారూ, దాని సంగతి నాకు తెల్సు. కారు మీది గదా."

ఆవిడ కాఫీ నెగ్గింది. నెల తిరక్కుండానే పేరు రాసిన మూట వచ్చింది. నాచేత ఒక్కొక్క అక్షరం వేలితో దిద్దించుకుంటూ చదివించుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోను. ఆ మూట మీదే చెయ్యి వేసి, పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా వాయువు సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో గాలి పీల్చే ఏ యంత్రానికీ పసుపు పెట్టను.

"కుంకం కూడా మాస్టారూ," అంది బుద్రమ్మ.

కుంకుమ కూడా పెట్టను.