పురుగుల బిస్కెట్టు

కెరిన్‌కి మొదట్నుంచీ ఎవరి మీదా నమ్మకం లేదు. ఆస్ట్రేలియాలో బండాబర్గ్ ఊరి చెరకు తోటల పక్కనున్న ఆ ఇంట్లో ఆమె అనుమానించని వస్తువు లేదు. ఆరేళ్ల కొడుకు రోరీకి ఆటిజం అని తేలినప్పుడు మొదట ట్యాంకు నీళ్లను అనుమానించింది. తర్వాత చెరకు తగలబెట్టిన పొగని. ఆ తర్వాత పసితనంలో చెవిపోటుకి వాడిన మందుల్ని.

చివరికి వాడి పొట్ట మీద పడింది. ఆటిజం ఉన్న పిల్లల పేగుల్లో బాక్టీరియా వేరుగా ఉంటుందట, ఎక్కడో చదివింది. రోరీకి కడుపునొప్పి ఎప్పుడూ ఉండేదే. ఇంకేం, దొంగ దొరికాడనుకుంది. తిన్నగా వెళ్లి డాక్టర్ ఫెనెలాని నిలదీసింది.

"సంబంధం ఉండొచ్చు కెరిన్, లేకపోవచ్చు. ఇంకా తేలలేదు" అంది డాక్టర్. "మీవాడు తినేదే ఒకటీ అరా. అలా తింటే పేగుల్లో బాక్టీరియా మారదా మరి? ఏది ముందో ఎవరికి తెలుసు? ఆ తినేదాన్ని మాత్రం పోగొట్టుకోకండి."

"తెలిసీ చెప్పట్లేదమ్మా" అంది కెరిన్, బయట కారులో కూర్చున్న తల్లితో.

"నీకు ఉత్తరాలిచ్చేవాడి మీదా అనుమానమే" అంది గ్లెనిస్. "రేపు నిన్ను కన్నది నేనేనా అని కూడా అడుగుతావు."

వాడు ఇష్టంగా తినేది పురుగుల బిస్కెట్టు ఒక్కటే. బెజ్జాలున్న రెండు గోధుమ బిస్కెట్ల మధ్య వెన్నా, వెజిమైట్ అనే ఆ నల్లటి ఉప్పటి ముద్దా రాసి గట్టిగా నొక్కితే, బెజ్జాల్లోంచి పురుగుల్లా పైకి లేస్తుంది. కెరిన్ చిన్నప్పుడు గ్లెనిస్ చేసిచ్చేది. ఇప్పుడు కెరిన్ రాస్తుంది, రోరీ నొక్కుతాడు, పురుగులు లేస్తుంటే పగలబడి నవ్వుతాడు. ఆ ఇంట్లో నవ్వంటే అదే.

ఆదివారం సంతలో ఒకావిడ మంచి బాక్టీరియా అంటూ పొడి డబ్బా చూపించింది. "పిల్లాడికి చెప్పకండి, ఇష్టమైనదాంట్లో కలిపేయండి" అంది. కెరిన్ ఆవిణ్ణీ అనుమానించింది, డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. అయినా కొంది. లోకంలో అందర్నీ శంకించిన మనిషి తన చేతిని మాత్రం ఎందుకు శంకించలేదో, తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మర్నాడు వెజిమైట్‌లో ఆ పొడి కలిపి రాసింది. రోరీ నొక్కాడు. పురుగులు నున్నగా లేవలేదు, పలుకులు పలుకులుగా తెగి పడ్డాయి. వాడు నవ్వలేదు. బిస్కెట్టు విప్పి వాసన చూశాడు. తర్వాత తల్లి చేతులకేసి చూశాడు. ఆ చూపు కెరిన్‌కి బాగా తెలుసు, అది తనదే.

ఇక ఆమె చేతి బిస్కెట్టు వాడు ముట్టలేదు. కొత్త పొట్లం ఎదురుగా చింపినా అంతే. మంచినీళ్లు తాగి పడుకునేవాడు. ముఖం పీక్కుపోయింది. సంగతి తెలిసి గ్లెనిస్ పరుగున వచ్చింది.

"ఏం కలిపావే?"

"మంచికే కలిపానమ్మా."

"మంచిదైతే చాటుగా ఎందుకు?"

కెరిన్ డబ్బా తీసుకెళ్లి చెత్తలో పడేసింది.

గ్లెనిస్ మనవడి ఎదురుగా కూర్చుని రెండు బిస్కెట్లు చేసింది. ఒకటి ముందు తను తింది. వాడు చాలాసేపు చూసి, రెండోది అందుకుని నొక్కి తిన్నాడు. గుమ్మంలో నిలబడ్డ కెరిన్‌కి ఏడుపు ఆగలేదు.

కొన్నాళ్లకి ధైర్యం చేసి తనూ అలాగే కూర్చుంది. వాడు చూస్తుండగానే రెండు చేసింది. రోరీ ఒకటి నొక్కి ఆమె ముందు పెట్టాడు. ఆమె తింటుంటే, మింగేదాకా గొంతుకేసే చూశాడు. తర్వాత రెండోది కూడా ఆమె వైపే జరిపాడు.