దీవికి బయల్దేరిన ఎడమ బూటు

జీవితంలో మొదటిసారి చూసిన జీవి గురించి సోమవారం క్లాసులో నిలబడి చెప్పే వంతు మా హాసినికి వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల. పోయిన టర్మ్‌లో పిచ్చుక గురించి చెబితే పిల్లలంతా నవ్వారట, రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. "డాడీ, ఈసారి ఎవ్వరూ చూడనిది కావాలి" అంది. అంతే, నాలోని అన్వేషకుడు నిద్రలేచాడు. ఆక్లండ్ రేవు నుంచి పక్షుల దీవికి శనివారం పడవ టికెట్లు నెట్‌లో బుక్ చేసేశాను. మా న్యూ లిన్ ఇంటి చుట్టూ ఏముంటాయి, చెత్తడబ్బాలు తప్ప! ఇది 2006 నాటి మాట.

ఉదయం ఏడున్నరకి ముగ్గురం ట్రైనెక్కాం. కొత్త బూట్లు దారిలో పాడవుతాయని నేను శాండిల్స్ వేసుకుని, దీవిలో నడవడానికి గుమ్మం బయటున్న బూట్లని కవర్లో పెట్టి బ్యాగులో కుక్కాను. మా ఆవిడ సరళ బూట్లను గుమ్మం దాటనివ్వదు. తెనాలిలో అయితే తేలుంటుందేమోనని దులిపాకే ముట్టుకునేవాణ్ణి. ఈ దేశంలో పామూ తేలూ లేవు, దులపడం దేనికి?

రేవులో మా ముందు, గంటన్నర దూరంలోని రోటోటూనా నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చిన తెలుగు అంకుల్ ఒకాయన నిలబడ్డారు. "ఏముందయ్యా ఇక్కడ చూడ్డానికి? పాము కూడా లేని అడివీ ఒక అడివేనా?" అన్నారు. మరి టికెట్ ఎందుకు కొన్నారో ఆయనకే తెలియాలి.

దీవికి ఎలుకలు, పురుగులు చేరకూడదని పడవ ఎక్కేముందు బ్యాగులూ బూట్లూ చూస్తారు. వెళ్ళబోయేవారు గమనించగలరు. అక్కడి అమ్మాయి నా ఎడమ బూటు బోర్లించగానే రొయ్యంత పురుగొకటి బల్లమీద పడింది. కాళ్ళనిండా ముళ్ళు, ఒంటికంటే పొడుగు మీసాలు. వెనక కాళ్ళు పైకెత్తి కిర్రుమంది. "అమ్మో!" అని నేను అంకుల్ వెనకాలకి దూకుదామనుకుంటే, ఆయన అప్పటికే ఇంకెవరి వెనకో ఉన్నారు.

"వావ్, వేటా!" అంది ఆ అమ్మాయి మురిసిపోతూ. వేటా అంటే ఆ పురుగు పేరట, ఈ దేశంలో తప్ప ఎక్కడా ఉండదట. పగలు చీకటి తొర్రల్లో పడుకుంటుందట, నా బూటు కూడా దానికి తొర్రలాగే కనిపించిందట. దీవికి మాత్రం రానివ్వరు. ఈ కాంక్రీటు మీద వదిలితే బతకదు.

"ఇది మనింట్లోదా? నిజంగా మనింట్లోదేనా?" హాసిని గంతులేస్తోంది. "డాడీ, నేను బోటెక్కను. దీన్ని ఇంటికి తీసుకెళ్దాం."

"దీవిలో ఎన్ని పక్షులుంటాయో తెలుసా తల్లీ!"

"వాటిని అందరూ చూస్తారు కదా!"

సరళ అప్పటికే జంతికలు పేపర్లో పోసి, ఖాళీ డబ్బా మూతకి పిన్నీసుతో చిల్లులు పొడుస్తోంది. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మీ సంబడం" అంది.

పడవ తొమ్మిదింటికి టంచనుగా వెళ్ళిపోయింది, అంకుల్‌తో సహా. నా మహా యాత్రలో నేను చూసింది దాని వెనక భాగమే. బెంచీ మీద కూర్చుని జంతికలు తిని, తిరుగు ట్రైనెక్కాం.

"లంచా?" అని అడిగింది ఎదురు సీటు ముసలామె, నా ఒళ్ళో డబ్బా చూసి.

"నో, మా ఫ్లాట్‌మేట్!" అంది హాసిని.

బొద్దింకని చూస్తే కుర్చీ ఎక్కే మనిషిని నేను. అలాంటిది ట్రైను కుదిపినప్పుడల్లా దానికెక్కడ దెబ్బ తగులుతుందోనని డబ్బాని రెండు చేతులా పట్టుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నా, చాలా సంతోషమేసింది.

ఇల్లు చేరాక దాన్ని గుమ్మం పక్క కట్టెల కుప్పలో వదిలాం. నా ఎడమ బూటు కూడా అక్కడే పెట్టించింది హాసిని. "అది దాని ఇల్లు కదా డాడీ!"

సోమవారం హాసిని క్లాసుకి తలెత్తుకుని వెళ్ళింది. నేను ఆఫీసుకి శాండిల్స్‌తో వెళ్ళాను.